నడకయు స్థూలకాయమును



పొరుగూరినుండి బంధువు వచ్చినప్పుడు కాళ్లకు నీళ్లిచ్చి, మంచము వాల్చి, మనము మొదట అడుగు మాట యేమి? "ఏమిటి, ఇట్లు చిక్కిపోయినావు?" అని. వచ్చినవాడు నిజముగా చిక్కెనా, బలిసెనా యనునది అక్కడ ముఖ్యము కాదు. అది ప్రేమను తెలుపు మాట. దానికి ఎదురుగా "కాస్త ఒళ్లు చేసినావు" అనుట మెప్పు. పట్నమున ఉద్యోగము చేయు కుమారుడు సంక్రాంతికి ఇంటికి వచ్చి, చొక్కా బొత్తాములు బిగుసుకొని కనబడినచో తల్లి కన్నులు చల్లబడును. మా అమ్మకును అట్లే చల్లబడినవి. నాకు నలువదియేండ్లు దాటిన పిమ్మట ఒక వైద్యుడు రక్తపరీక్ష చేయించి, మధుమేహము తలచూపినదని చెప్పి, బరువు తగ్గుమనెను. ఆ సంగతి ఇంటికి వచ్చి చెప్పగా, ఆమె వైద్యునిమీద కోపగించెనే గాని నా పొట్టను తప్పుపట్టలేదు. "పచ్చగా నుండువానిని చూచి ఓర్వలేడు కాబోలు" ననెను.

ఆమెను నేను నిందింపను. ఆమె కోపము వెనుక కొన్ని శతాబ్దముల అనుభవమున్నది. బలిసిన దేహము ఏల గౌరవచిహ్నమై యుండెను, ఎప్పుడు రోగచిహ్నమయ్యెను. నడక పేదవాని పాటుగా నుండి ఎట్లు మందుగా మారెను. ఈ రెండు కథలును ఒకదానితో నొకటి పెనవేసుకొని యున్నవి. వానినే ఈ పూట మీకు చెప్పదలచితిని.

స్థౌల్యమును రోగముగా చూచుట తెల్లవారు నేర్పిన విద్య యని కొందరనుకొందురు. కాదు. చరకసంహితలో సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయమునకు అష్టౌనిందితీయమని పేరు. లోకము నిందించు ఎనిమిది విధముల దేహములను అందు లెక్కించిరి. మిక్కిలి పొడవు, మిక్కిలి పొట్టి మొదలైన యారింటిని పేర్కొని విడిచి, అతిస్థూలుని, అతికృశుని మాత్రమే గ్రంథము విస్తరించి విచారించును. అతిస్థూలునికి ఆయువు తగ్గుట, చురుకుతనము లేకపోవుట, బలహీనత, అధికమైన చెమట, తీరని ఆకలి, తీరని దప్పిక మొదలుగా ఎనిమిది దోషములు చెప్పబడినవి. కారణములును చెప్పబడినవి: మితిమీరిన భోజనము, తీపియు జిడ్డును గల ఆహారము, వ్యాయామము లేమి, పగటినిద్ర, ఏ చింతయు లేకపోవుట. ఇవిగాక బీజస్వభావ మొకటి. అనగా తలిదండ్రులనుండి వచ్చునది. ఆ కాలముననే ఈ మాట గుర్తించిరి గదా యని నాకు ఆశ్చర్యము. ఇరువురిలోను కృశుడే మేలని కూడ అందు తీర్పున్నది. మందులకంటె ముందుగా చెప్పిన ఉపాయము ఆహారమున మార్పు: కడుపును నింపవలెను, దేహమును పెంచరాదు. అందులకు యవలు, పెసలు వంటివి విధించిరి.

సుశ్రుతసంహిత ఇంకను ముందునకు పోయినది. ప్రమేహచికిత్సను చెప్పు అధ్యాయమున ఒక విచిత్రమైన విధి కనబడును. ధనమును, బంధువులును లేని రోగి చెప్పులు లేక, గొడుగు లేక, భిక్షాన్నము తినుచు, ఏ గ్రామమునను ఒక్క రాత్రికంటె నిలువక, మునివలె నియమముతో నూరు యోజనములు గాని అంతకు మించి గాని నడువవలెనట. మహాధనవంతుడు చామలు, నివ్వరి గింజలు, ఉసిరిక, వెలగ మొదలైన పండ్లతో బ్రతుకుచు మృగముల నడుమ నివసింపవలెనట. గోవుల వెంట తిరుగుమనియు, నేల దున్నుమనియు, బావి త్రవ్వుమనియు తక్కినవారికి విధించిరి. చివర ఒక హెచ్చరిక కలదు: చిక్కిన రోగిని మాత్రము ఈ పాట్లకు గురిచేయక కాపాడవలెను. యోజనమనగా మన ఆమడ. ఆమడ ఎనిమిది మైళ్లని లెక్కించినచో నూరు ఆమడలు 800 మైళ్లు. విశాఖపట్టణమునుండి రామేశ్వరమునకు పోవు దారికి ఇంచుమించు సరిపోవును. మొదటిసారి దీనిని చదివినప్పుడు నేను నవ్వితిని. భిక్షమెత్తుమని చెప్పు వైద్యుడెవ్వడు? తరువాత ఆలోచింపగా, భిక్షాన్నమున ఒక మేలు కనబడినది. దారిన పోవు బిచ్చగానికి ఎవ్వరును రెండవమారు నేయి వడ్డింపరు.

శాస్త్రము అట్లుండగా లోకము దాని దారిన అది పోయినది. అందులకు కారణము వెదుకుటకు దూరము పోనక్కరలేదు. నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు సీమను కరువు తినివేసినది. లక్షకు పైగా జనము మడిసిరి. ధాతు నామ సంవత్సరమున, 1876లో ఆరంభమైన కరువు బళ్లారి, కర్నూలు, కడప సీమలను ఊడ్చినది. ఇట్టి దేశమున నిండుదేహము నిండుగాదెకు గుర్తు. పిల్లనిచ్చువారు వరుని చూడబోయినప్పుడు భుజములు నిండుగా నున్నవా యని చూచుట అజ్ఞానము కాదు. ఆ ఇంట రెండుపూటల అన్నమున్నదా యని ఆ దేహమునే అడిగి తెలిసికొనుట. బొద్దు, పుష్టి, నిండు, దిట్టము అని మన భాషలో స్థౌల్యమునకు మెప్పుమాటలు ఇన్ని ఏర్పడుటకు కారణము ఆకలి.

నడకయు అట్టిదే. నడచువాడు లేనివాడు, మోయబడువాడు కలవాడు. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండినవారు. 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీని బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తా చూచుకొని, గంజాము, శ్రీకాకుళము, రాజమహేంద్రవరము దారిని 1831 సెప్టెంబరు 3వ తేదీని తిరిగి ఇల్లు చేరిరి. మజిలీ మజిలీకిని దూరమును, ఊరును, నీటివసతిని వ్రాసికొనిన ఆ దినచర్య 1838లో కాశీయాత్రచరిత్ర యను పేర అచ్చయినది. వారి వెంట ఇంచుమించు నూరుగురు పరివారముండిరి. వారు పల్లకిలో పోయిరి. పల్లకిని బోయీలు మోసిరి. పదునైదు నెలల పైచిలుకు కాలము అరణ్యములు, కనుమలు, నదీతీరములు దాటి భుజముమీద దండెతో నడచిన ఆ బోయీల పేర్లు ఎవరికి తెలియును? సుశ్రుతుని నూరు ఆమడలను వారు ఒక్క యాత్రలోనే ఎన్నో రెట్లు దాటిరి. వారికది వ్యాయామము కాదు, కూలి. వారికి మధుమేహము వచ్చు నవకాశము తక్కువ. కాని వారి భుజముల కాయలును, మోకాళ్ల నొప్పులును వారికి మిగిలినవి. నడకను పొగడునప్పుడు ఈ బోయీలను మరచుట న్యాయము కాదు.

ఇక కొంతసేపు లండను నగరమునకు పోవుదము. బరువు తగ్గించుకొనుట యను వెఱ్ఱి లోకమున వ్యాపించుటకు మొదటి ప్రసిద్ధపురుషుడు అక్కడివాడు. విలియం బాంటింగ్ యని పేరు. (ఇన్సులినును కనుగొన్నవారిలో ఒకడైన బాంటింగ్ వేరు, అది 1921 నాటి మాట.) ఈతనిది అంత్యక్రియలు జరిపించు వృత్తి. రాజవంశమువారికి సైతము ఆ సేవ చేసిన కుటుంబము. మనిషి ఎత్తు 5 అడుగుల 5 అంగుళములు. 1862వ సంవత్సరము ఆగస్టు నాటికి, తన 66వ యేట, 202 పౌనులు తూగెను. అనగా 92 కిలోలు. మన పాతలెక్కలో ఎనిమిది మణుగులు. వంగి చెప్పుల త్రాడు కట్టుకొనలేకపోయెను. మోకాళ్లు ఓర్వలేక, మేడమెట్లు దిగునప్పుడు వెనుకకు తిరిగి దిగుచుండెను. వీధిలో పోవుచుండగా జనులు నవ్వుచుండిరి. తాను చేసిన ప్రయత్నములను ఆయన దాచలేదు. ప్రాతఃకాలమున నదిలో పడవ నడపెను, గుఱ్ఱపుస్వారి చేసెను, ఆవిరిస్నానములు చేసెను, మందులు మ్రింగెను. పడవ నడుపుటవలన కండలు గట్టిపడినవి. దానితోబాటు ఆకలియు పెరిగినది. ఆకలితోబాటు తిండియు పెరిగినది.

చివరకు ఆయనకు చెవులు సరిగా వినబడకపోయెను. చెవి వైద్యుడైన విలియం హార్వే యొద్దకు పోయెను. ఆ వైద్యుడు పారిసు నగరమున క్లోడ్ బెర్నార్డు అను పండితుడు కాలేయమును, మధుమేహమును గూర్చి చేసిన ఉపన్యాసములు విని వచ్చినవాడు. రోగము చెవిలో లేదు, క్రొవ్వులో నున్నదని ఆయన తలచెను. రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, ఉర్లగడ్డ విడువుమనెను. మాంసమునకు, చేపలకు, ద్రాక్షసారాకు మాత్రము అడ్డు చెప్పలేదు! మనకు పనికివచ్చు పథ్యము కాదు లెండి. ఏమైననేమి, ఒక యేడాదిలో బాంటింగ్ 46 పౌనులు తగ్గెను. మెట్లు ముందునకు చూచి దిగెను. ఆ సంతోషము పట్టలేక 1863లో ఒక చిన్న పుస్తకము వ్రాసి, సొంత వ్యయముతో అచ్చువేయించి ఊరక పంచిపెట్టెను. వైద్యులు కొందరు, వైద్యుడు కానివాడు వైద్యము చెప్పుట యేమని ఎగతాళి చేసిరి. పుస్తకము మాత్రము ముద్రణపై ముద్రణగా చెల్లినది. పథ్యము చేయుటకు ఆయన పేరే ఇంగ్లీషున క్రియాపదమైనది. ఆయన 1878లో, 81వ యేట మరణించెను.

బాంటింగ్ పుస్తకము లండనులో చెల్లుచుండిన ఆ సంవత్సరములలోనే మన సీమలో జరిగినది చెప్పకున్న ఈ చరిత్ర అబద్ధమగును. ధాతు కరువున 1877 జనవరిలో రిచర్డు టెంపుల్ అను దొర చెన్నరాజధానికి వచ్చి, కరువుపనిలో మట్టిమోయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమునకు సరిపడు కూలియు, పైన కొద్ది చిల్లరయు చాలునని నిర్ణయించెను. ఒక పౌనన్న అరకిలోకంటె తక్కువ. రాజధాని ఆరోగ్యశాఖాధికారియైన కార్నిష్ అను వైద్యుడు, ఇంత కొద్ది గ్రాసముతో అంత పాటు పడినవాడు బ్రతుకడని గట్టిగా వాదించెను. అదే యేడు మేనెలలో కూలి కొంత పెంచిరి. ఈలోగా పోయినవారు పోయిరి. ఒకే యేలుబడిలో ఒక రాజధానిలో రొట్టె విడుచుట వైద్యము. మరియొక రాజధానిలో పిడికెడు గింజలకై పోట్లాట. "పచ్చగా నుండువానిని చూచి ఓర్వలేడు" అను మా అమ్మ మాటకు వేరు ఇచ్చట నున్నది.

ఇరువదవ శతాబ్దపు ఆరంభమున మరియొక ఆదర్శము వచ్చినది. లావు కాదు, సన్నము కాదు, కండ. జర్మనీ దేశమున పుట్టిన సాండో అను బలశాలి తన దేహమునే ప్రదర్శనముగా చేసి దేశదేశములు తిరిగెను. మన దేశమునకును వచ్చెను. మనకు అంతకంటె దగ్గరివాడు కోడి రామమూర్తినాయుడుగారు. 1882లో వీరఘట్టమున పుట్టి, విజయనగరమున పెరిగి, సర్కసు నడపి, ఇనుపగొలుసులు త్రెంచి, మోటారుకారులను పట్టి నిలిపి, ఱొమ్ముమీద ఏనుగును ఎక్కించుకొని, కలియుగభీముడని పేరు పొందెను. 1942లో స్వర్గస్థులైరి. పరాయిపాలనలో నుండిన జనమునకు ఆ ఱొమ్ము తమ ఱొమ్మువలె కనబడెను. ఊరూర తాలింఖానాలు, దండీలు, బస్కీలు సాగినవి. మంచిదే. అయినను ఇది ప్రాయమువారి ఆదర్శము. అరువదేండ్లవానికి, ఇల్లాలికి, కూర్చుండి వ్రాయు గుమాస్తాకు అందులో చోటు లేదు.

నడకకు పరువు తెచ్చినవాడు గాంధీమహాత్ముడు. ఆ అలవాటు ఎట్లు మొదలైనదో ఆయనయే తన ఆత్మకథలో చెప్పుకొనెను. 1888 మొదలు 1891 వరకు లండనులో చదువుకొనునప్పుడు, బండికూలి మిగుల్చుకొనుటకై నడచిపోవుటకు వీలైనచోట గది తీసికొనెను. దినమునకు ఎనిమిది పది మైళ్ల నడక యయ్యెను. తాను అక్కడ రోగము లేక యుండుటకు ముఖ్యకారణము అదియే యని ఆయన తలచెను. మొదలు పొదుపు, ఫలము ఆరోగ్యము. ఆ కాళ్లే 1930 మార్చి 12వ తేదీని సబర్మతినుండి బయలుదేరి, అరువదేండ్ల ప్రాయమున, 78 మంది అనుచరులతో దండివరకు ఇంచుమించు 240 మైళ్లు నడచినవి. ఆ పిమ్మట 1951లో వినోబాభావే వార్ధానుండి కాలినడకను తెలంగాణమునకు వచ్చి, ఏప్రిలు 18వ తేదీని పోచంపల్లిలో మొదటి భూదానము పొందెను. ఆ తరువాత సంవత్సరముల తరబడి దేశమంతయు నడచెను. వీరెవ్వరును ఒళ్లు తగ్గుటకై నడువలేదు. కాని పల్లకి ఎక్కదగిన పెద్దవాడు నడచిన, నడచువాడు చిన్నవాడు కాడని జనమునకు తెలిసినది.

ఇంతలో బరువునకు లెక్కలు వచ్చినవి. బెల్జియము దేశస్థుడైన కెట్లే అను గణితశాస్త్రజ్ఞుడు 1832లో, పెద్దవారి బరువు ఎత్తు యొక్క వర్గమును అనుసరించి పెరుగునని కనిపెట్టెను. ఆయన వైద్యుడు కాడు. సగటు మనిషి యెట్లుండునో తెలిసికొనుట ఆయన కోరిక. ఆ లెక్క చాలకాలము మూలబడి యుండెను. ప్రాణభీమా సంస్థలు తమ నష్టమును తప్పించుకొనుటకై ఇంత ఎత్తునకు ఇంత బరువని పట్టికలు వేసికొన్నవి. 1972లో ఆన్సెల్ కీస్ అను అమెరికా పండితుడు కెట్లే లెక్కయే మేలని దానిని మరల పైకి తెచ్చెను. నేటి ఆసుపత్రులలో బీఎంఐ యని పలుకునది అదియే: బరువును కిలోలలో తీసికొని, ఎత్తును మీటర్లలో తీసికొని ఎత్తుతో రెండుమారులు భాగించుట. 25 దాటిన అధికమని, 30 దాటిన స్థౌల్యమని ప్రపంచమునకు చెప్పిరి. మనవంటి ఆసియావాసుల దేహములు చూపునకు సన్నగా నున్నను కడుపులో క్రొవ్వు ఎక్కువగా చేరుననియు, తక్కువ బరువుననే మధుమేహము వచ్చుననియు తెలిసినందున, 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పండితులు మనకు 23 వద్దనే మేల్కొనుమనిరి. 2009లో మన దేశపు వైద్యులు 25 దాటిన స్థౌల్యమే యని నిర్ణయించిరి. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడువారికి 80 సెంటీమీటర్లు దాటరాదనిరి.

నాకు లెక్కల సరదా కొంత కలదు. బాంటింగ్‌ను ఈ త్రాసున వేసి చూచితిని. లావుగా నున్నప్పుడు ఆయన సంఖ్య 33 దాటును. చిక్కి, సంతోషించి, పుస్తకము వ్రాసిన నాటికి 26. అనగా మన దేశపు కొలతతో చూచినచో, ఆయన చిక్కిన పిమ్మటను స్థూలుడే! అయినను ఆయన మెట్లు దిగగలిగెను, చెప్పులు కట్టుకొనగలిగెను, 81 యేండ్లు బ్రతికెను. సంఖ్య అబద్ధము కాదు. అది దారిలోని మైలురాయివంటిది, ఊరు కాదు.

సంఖ్యకు అందని సంగతి ఒకటి లండను బస్సులలో బయటపడినది. జెరెమీ మారిస్ అను వైద్యపండితుడు, గుండెపోటు ఎవరికి ఎక్కువగా వచ్చుచున్నదని విచారించుచు, ఆ నగరపు రెండంతస్తుల బస్సులను చూచెను. ఒక్కొక్క బస్సున ఇద్దరుండెడివారు. డ్రైవరు పూటంతయు కూర్చుండెడివాడు. కండక్టరు టిక్కెట్లిచ్చుటకై పైయంతస్తునకు ఎక్కుచు దిగుచు, దినమునకు అయిదారువందల మెట్లు ఎక్కెడివాడు. ఇద్దరిదియు ఒకే సంస్థ, ఒకే తరగతి జీవనము. 31,000 మందిని పరీక్షించి 1953లో ఆయన ప్రకటించిన ఫలితమేమన, కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. వచ్చినను వెంటనే ప్రాణము పోవుట మరింత తక్కువ. తపాలా బట్వాడా చేయువారికిని, ఆఫీసున కూర్చుండు గుమాస్తాలకును నడుమ సయితము ఇట్టి భేదమే కనబడెను.

లావుగా నుండువారే కూర్చుండు పనిని కోరుకొనిరేమో? ఈ ప్రశ్నను మారిసును ఆయన తోడివారును తామే వేసికొనిరి. జవాబు వెదకిన చోటు చిత్రమైనది: దర్జీల కొలతల పుస్తకము. బస్సు సంస్థ తన మనుష్యులకు ఏకరూపపు దుస్తులిచ్చును. ఎవ్వని లాగునడుము ఎన్ని అంగుళములో అందు వ్రాసియుండును. 1956లో ఆ లెక్క ప్రకటించిరి. డ్రైవర్ల నడుములు పెద్దవే. కాని ఒకే కొలత నడుము గల డ్రైవరును, కండక్టరును పోల్చి చూచినను, ఆకస్మికమరణము కండక్టరునకు తక్కువగానే యుండెను. సన్ననివారిలోను అంతే, లావుపాటివారిలోను అంతే. మెట్లెక్కిన బొజ్జకును, కూర్చుండిన బొజ్జకును భేదమున్నదన్నమాట. మారిస్ 2009లో, 99 యేండ్ల వయస్సున మరణించెను.

ఈ కథ విన్నప్పుడెల్ల నాకు మా ఊరి ఏతము జ్ఞాపకము వచ్చును. ఏతపు మ్రానుమీద ఒకడు తెల్లవారుజామునుండి ముందునకు వెనుకకు నడచుచుండును. వాడు నడచిన కొలదియు నీరు చేనికి పారును. ఆ నడకకు మైళ్లు ఎవ్వరు లెక్కపెట్టిరి? ఏతము పోయి మోటారు వచ్చినది. మీట నొక్కిన చాలును. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది. రోకలియు, తిరగలియు పోయి మర వచ్చినది. సంతకు ఆరుమైళ్లు నడచిన తాతకు మనుమడు మోటారుసైకిలు కొనిపెట్టినాడు. వీనిలో దేనిని గూర్చియు నేను విచారింపను. రోకటిపోటుతో మా అమ్మ అరచేతులు ఎట్లుండెనో చూచినవాడను. అట్లే 1983లో రెండురూపాయలకు కిలో బియ్యము ఇంటింటికి వచ్చినప్పుడు, జొన్నయు రాగియు తిను మెట్టసీమలలో సయితము తెల్లన్నము ప్రతిదినపు భోజనమైనది. ఆకలి ఎరిగినవారికి అది పండుగ. అయితే ఒకే తరములో కడుపునిండ తెల్లన్నము వచ్చినది, కాళ్లకు విశ్రాంతి వచ్చినది. రెండును కోరుకొన్న వరములే. రెండును ఒక్కసారి వచ్చుటయే చిక్కు. 2023లో ప్రకటించిన లెక్క ప్రకారము మన దేశమున మధుమేహులు పదికోట్లకు పైబడిరి. పట్నములలో ఎక్కువ యన్నది నిజమే గాని, పల్లె తప్పించుకొనలేదు.

ఇక పదివేల అడుగుల మాట. దినమునకు పదివేల అడుగులు నడువవలెనని మీ మనుమలు మీకు చెప్పుచునే యుందురు. ఇది ఋషివాక్యము కాదు. 1964లో టోక్యో నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగిన మరుసటి యేట, జపాను దేశపు గడియారముల సంస్థ యొకటి నడుమునకు తగిలించుకొను అడుగుల కొలమానిని అమ్మకమునకు పెట్టి, దానికి పదివేల అడుగుల కొలమాని యని అర్థమిచ్చు పేరు పెట్టినది. గుండ్రని సంఖ్య, నోటికి వచ్చు సంఖ్య. అంతకంటె గట్టి పరిశోధన దాని వెనుక లేదు. 2019లో అమెరికాలో ఇంచుమించు 17,000 మంది వృద్ధస్త్రీలను, సగటున 72 యేండ్లవారిని, పరీక్షించి చూడగా, దినమునకు 2,700 అడుగులు నడచువారికంటె 4,400 అడుగులు నడచువారిలో మరణములు చాల తక్కువగా నుండెను. 7,500 వరకు మేలు పెరిగి, అటుపైన పెద్దగా పెరుగలేదు. జబ్బుగా నుండువారు ముందే తక్కువ నడతురు గనుక ఈ భేదమంతయు నడకదే యనరాదు. ఐనను డెబ్బదియేండ్లవానికి ఇది ఊరట గలిగించు వార్త. నాలుగువేల అడుగులన్న రెండుమైళ్లకు మించదు. ఊరిచెరువు కట్టమీద పోయి వచ్చిన సరిపోవచ్చును. మోకాళ్లు అరిగినవారు, గుండెజబ్బు కలవారు వైద్యుని అడిగియే మొదలిడవలెను. బలములో సగము మేరకే వ్యాయామమని సుశ్రుతుడే చెప్పియున్నాడు.

నడకతోనే బరువు దిగునని మాత్రము ఆశపడకుడు. గంటసేపు నడచి ఖర్చుచేసిన శక్తిని, ఇంటికి వచ్చి తిను రెండు గారెలు తిరిగి తెచ్చి యిచ్చును. పడవ నడపిన బాంటింగ్ పొందిన అనుభవమే నాకును కలిగినది. మొదటి మూడు మాసములు నడచి నడచి, ఒక్క కిలో తగ్గక, వైద్యునితో పోట్లాడితిని. రాత్రి అన్నము సగము చేసి, ఆ చోట జొన్నరొట్టెయు పెసరపప్పును పెట్టిన పిమ్మటనే త్రాసు కదలినది. రెండేండ్లలో ఎనిమిది కిలోలు తగ్గితిని. మా అమ్మ అప్పటికి బ్రతికియే యుండెను. నన్ను చూచి ఆమె కన్నీరు పెట్టుకొని, కోడలిని నాలుగు మాటలనెను. ఇరువురకు నడుమ నేను పడిన పాట్లు నడకకంటె కష్టమైనవి.

నేటికిని సాయంకాలము మా ఊరి కాలువగట్టున నడచుచుందును. మోటారుసైకిలుమీద పోవు కుఱ్ఱవాడు తప్పక ఆగును. "ఎక్కండి తాతగారూ, దింపెదను" అనును. ఊరక నడచుచున్నానని చెప్పిన నమ్మడు. బండి లేక నడచుచున్నానని జాలిపడును. ఎక్కనన్న చిన్నబుచ్చుకొనును. ఒకనాడు అట్లే ఒకడు ఆగి, నేను ఎంత చెప్పినను వినక, చివరకు తానే బండి దిగి, దానిని త్రోసికొనుచు, పొలము సంగతులు చెప్పుచు నా ప్రక్కనే లాకులవరకు నడచినాడు. అక్కడ ఏదో పని జ్ఞప్తికి వచ్చి, బండి ఎక్కి పోయినాడు.